బానెట్‌కు కోసిన సందులు, పట్టరలో ఎగిరిన దుమ్ము



పోయిన నెల మన సంఘం గుంపులో ఒక ఫోటో తిరిగింది, చానామంది చూసే ఉంటారు. తెల్ల కారు, దాని బానెట్ మాత్రం నల్లగా పాము చర్మం మాదిరి మెరుస్తూ, మధ్యలో రెండు కోతలు. దాని కింద ఒక పెద్దాయన "దుడ్లు జాస్తి అయితే బుద్ధి ఇట్లా పోతుంది" అని రాసినారు. ఇంకొకాయన "కన్నవాళ్ళు ఏం చేస్తున్నారు?" అని అడిగినారు. ఆ బండి మా చెల్లెలి కొడుకుది. వాడికి నాయన లేడు, పోయి ఆరేళ్ళయింది. మేనమామను నేనున్నాను. ఆ ఫోటోలో ఒక ఓరగా, చేతిలో నూలుండ పట్టుకొని నిలబడిన బట్టతల మనిషి ఎవరా అని మాత్రం ఎవరూ అడగలేదు. అది నేనే. కాబట్టి జవాబు చెప్పవలసినవాణ్ణి కూడా నేనే.

నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి. తెలుగు ఇంట్లో మాట్లాడడమే గాని, అక్షరాలు నలభై దాటినాక మన సంఘం ఆదివారం క్లాసులో నేర్చుకున్నాను. తప్పులుంటే ఎప్పటి మాదిరే మన్నించండి. ఇంజనీర్ని కూడా కాను. కోయంబత్తూరు చుట్టుపక్కల రైల్వే పార్సిల్ ఆఫీసుల్లో గుమాస్తాగా ఉండి రిటైరైనవాణ్ణి. ఈ బానెట్ గురించి నేను చెప్పేదంతా పక్కన నిలబడి చూసింది, పట్టర ఓనరును విసిగించి అడిగి తెలుసుకున్నది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ బానెట్ మామూలు రోడ్డు మీదికి వద్దు. కానీ ఆ పని చేసినందుకు వాణ్ణి తిట్టేది సరి కాదు. ఈ రెండింటికంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది, అది ఫోటోలో పడలేదు.

పార్సిల్ ఇంటికి వచ్చిన రోజు నేను చెల్లెలి ఇంట్లోనే ఉన్నాను. మనిషి ఎత్తు అట్టపెట్టె. ఇన్నేళ్ళు పార్సిల్ ఎత్తి దించిన చేతులు కదా, ఊరికే ఉండవు. ఒక కొస పట్టి ఎత్తి చూసినాను. "ఏమిరా, ఇంత పెద్ద పెట్టెలో బరువే లేదు, మా ఆఫీసుకు వచ్చి ఉంటే దీనికి బరువుకు కాదు, సైజుకు చార్జీ వేసేవాళ్ళం" అన్నాను. వాడు నవ్వి "అదే మామా దీని గొప్ప" అన్నాడు. ముప్పై ఎనిమిది వేలు పెట్టి తెప్పించినాడంట. ఇనుప బానెట్‌లో సగం బరువే ఉంటుందని, ఇంజను వేడి సందుల్లోంచి బయటికి పోతుందని అమ్మినవాళ్ళు చెప్పినారంట. వాడి బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్న పోలో, టర్బో ఇంజను. వేసవిలో ట్రాఫిక్‌లో నిలబడితే బానెట్ మీద దోసె పోయవచ్చు. కాబట్టి వాడి ఆశలో అర్థం లేకపోలేదు.

కార్బన్ ఫైబర్ అంటే ఏమో పెద్ద మాయ అనుకోవద్దు. మన ఊరివాళ్ళకు దాన్ని అర్థం చేసుకోవడం సులభం, ఎందుకంటే అది నేత. వెంట్రుక కంటే సన్నని బొగ్గు పోగులను వేల లెక్కన కలిపి ఒక దారం, ఆ దారాలను మగ్గం మీద పడుగు పేక వేసినట్టే నేస్తారు. జీన్స్ గుడ్డలో కనబడే వాలు గీతల నేత ఉంది చూడండి, ట్విల్ అంటారు, చానా బానెట్లలో కనబడేది అదే. ఆ గుడ్డను అచ్చులో పరిచి ఎపాక్సీ బంక పట్టిస్తే గట్టిపడి రేకు అవుతుంది. బలం పోగులో ఉంది, ఆకారం బంకలో ఉంది. మేలైన రకంలో బంక ముందే కొలతగా పట్టించిన గుడ్డను ఆటోక్లేవ్ అనే పెద్ద ప్రెషర్ కుక్కర్‌లో పెట్టి ఉడికిస్తారు. 1981లో మెక్‌లారెన్ వాళ్ళు ఫార్ములా వన్ కారు చట్రమంతా దీంతోనే చేసినప్పుడు, గుద్దుకుంటే గాజు మాదిరి పగిలిపోతుందని భయపడినవాళ్ళు ఉన్నారు. తరువాత అందరూ అదే దారికి వచ్చినారు. 2005లో ఆ పోటీల్లో కూర్చున్న మొదటి భారతీయుడు మన కోయంబత్తూరు నరైన్ కార్తికేయన్, ఆ కారూ అదే రకం. అయితే ఆ కార్బన్ వేరు, ముప్పై ఎనిమిది వేలకు పెట్టెలో వచ్చే కార్బన్ వేరు. అది నాకు ఈరోడ్ రోడ్డు మీద తెలిసింది.

ఈరోడ్‌లో ఒక పెళ్ళి. నేను, చెల్లెలు, వాడు. పెరుందురై దాకా బాగానే పోయినాం. తొంభై మీద పోతున్నప్పుడు బానెట్ ముందు కొస చేట చెరిగినట్టు ఆడుతున్నది. ముందు సీట్లో ఉన్నది నేను. "ఒరేయ్, అది లేస్తున్నది" అన్నాను. "ఫైబర్ కదా మామా, కొంచెం ఆడుతుంది" అన్నాడు. ఒక లారీ దాటిపోయి దాని గాలి తగిలినప్పుడు వేలెడంత లేచింది. అప్పుడు వాడి ముఖం చూసినాను, వాడికీ భయం పట్టింది. మెల్లగా పక్కకు తీసి టీ అంగడి దగ్గర ఆపినాం. తెరిచి చూస్తే, కింద లాక్‌లో పడే ఇనుప కొక్కి ఉంటుంది కదా, దాన్ని రెండు స్క్రూలతో నేరుగా ఫైబర్‌లోకి బిగించి ఉన్నారు. వెనక ఇనుప పట్టీ లేదు. అదిరి అదిరి స్క్రూ చిల్లు కోడిగుడ్డు ఆకారానికి వచ్చేసింది. ప్రతి బానెట్‌కూ రెండో కొక్కి ఒకటి ఉంటుంది, మొదటిది ఊడినా ఇది పట్టుకొని నిలబెట్టేదానికి. మనం వేలు దూర్చి తోసి తెరుస్తామే, అదే. ఈ బానెట్‌లో అది అర అంగుళం పక్కకు ఉంది, అందనే అందదు. ఇంకొక లారీ దాటి ఉంటే బానెట్ లేచి అద్దం మీద పడేది, ముందర ఏమీ కనబడేది కాదు, వెనక సీట్లో నా చెల్లెలు ఉంది. టీ అంగడిలో తాడు అడిగి తీసుకొని, బానెట్‌ను బంపర్‌కు కట్టి, నలభై మీద కల్యాణ మండపానికి చేరినాం. పెళ్ళికి వచ్చినవాళ్ళు బండికి తాడు ఎందుకని అడిగితే, చెల్లెలు "దిష్టికి" అని చెప్పింది.

ఇంటికి వచ్చినాక రెండు దారులు ఉన్నాయి. తీసి పారేయడం ఒకటి. సరి చేయడం ఒకటి. నేను పారేయమన్నాను, ఒప్పుకుంటున్నాను. వాడు వినలేదు. "మామా, ఎక్కడ తప్పు ఉందో తెలుసుకోకుండా పారేస్తే ముప్పై ఎనిమిది వేలకు నేను నేర్చుకున్నది ఏమిటి?" అన్నాడు. వాడు పంపు కంపెనీలో డిజైన్ పని చేసేవాడు. ఆ మాట నాకు పట్టింది.

గణపతి పక్కన ఒక ఫైబర్ పట్టర ఉంది. ఓనరు మనవాడే, నా ఈడువాడు. ఆయన మొదట చేసిన పని, రెండు బానెట్లనూ పక్కనున్న పాత ఇనుప అంగడి తక్కెడ మీద పెట్టించినాడు. ఇనుముది పద్నాలుగు కిలోలు. "సగం బరువు" కార్బన్‌ది పదిన్నర. తరువాత అడుగు భాగంలో ఒక మూల గీకి చూపించినాడు. పైన ఒకే ఒక పొర నల్ల నేత, దాని కింద అంతా తెల్ల గాజు ఫైబర్. పట్టుచీర అని చెప్పి జరీ అంచు ఒకటి కుట్టి ఇచ్చినట్టు. గాజు ఫైబర్ చెడ్డది కాదు, పడవలు చేస్తారు దాంతో. దాని పేరు చెప్పి, దాని ధరకు అమ్మి ఉంటే ఎవరికీ గొడవ లేదు.

ఇప్పుడు నూలుండ సంగతి. ఆ రెండు సందులూ బానెట్ వెనక భాగంలో, వైపర్ దగ్గర ఉన్నాయి. చూసేదానికి అందంగానే ఉంటుంది. ఓనరు అన్నాడు, "ఇవి వేడిని బయటికి తీస్తాయా, బయటి గాలిని లోపలికి తోస్తాయా, మీరే చూసుకొని రండి." దారం ముక్కలు జానెడంత కోసి బానెట్ అంతా టేపుతో అంటించమన్నాడు. నూలుకు మన ఊళ్ళో కరువా, ఇంటి పక్క మిల్లు సూపర్‌వైజరు ఒక ఉండ ఇచ్చినాడు. తెల్లారి ఐదున్నరకు ఖాళీ రోడ్డులో వాడు అరవై మీద తోలితే, పక్కన ఇంకొక బండిలోంచి నేను ఫోన్‌లో వీడియో తీసినాను. ముందర, హెడ్‌లైట్ల నుంచి ఒకటిన్నర జాన దాటినాక ఉన్న దారాలు పైకి లేచి రెపరెపలాడినాయి. వెనక సందుల దగ్గర దారాలు ఏం చేసినాయో తెలుసునా? తలకాయ వంచి సందులోకి దూరినాయి. అంటే గాలి లోపలికి పోతున్నది!

ఎందుకని అడిగితే ఓనరు తమిళంలో రెండే మాటల్లో చెప్పినాడు, నేను కొంచెం పొడిగిస్తాను. కారు పోతున్నప్పుడు గాలి బానెట్ ముందు వంపు ఎక్కి వేగం పుంజుకుంటుంది, అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. లోపల వేడి గాలిని అది పీలుస్తుంది. అదే గాలి పోయి ముందు అద్దానికి కొట్టుకొని ఆగే చోట, వైపర్ల దగ్గర, ఒత్తిడి పెరుగుతుంది. అందుకే కారు తయారీవాళ్ళు లోపలికి, మన ముక్కుకు గాలి తీసుకునే దారి అక్కడే పెడతారు. కొంతమంది పిల్లలు బానెట్ వెనక భాగం కింద వాషర్లు పెట్టి ఎత్తుతారు, వేడి పోతుందని. బండి నిలబడి ఉన్నప్పుడు పోతుంది, నిజమే, వేడి గాలి పైకి పోతుంది కదా. బండి వేగంగా పోతున్నప్పుడు తిరగబడుతుంది. పైగా ఇంజను పొగ, ఆయిల్ వాసన ఆ దారి గుండానే లోపల కూర్చున్నవాళ్ళకు వచ్చి చేరవచ్చు. బానెట్ తెచ్చిన వారం నుంచి చెల్లెలు "కారులో ఏదో మాడు వాసన" అంటూనే ఉంది. ఆడవాళ్ళ ముక్కును మేమిద్దరం నమ్మలేదు.

సరే, వెనక సందులు రెండూ మూసి, ముందు భాగంలో, రేడియేటర్ వెనకపక్కగా కొత్తవి కోయాలని తీర్మానం. రేడియేటర్ దాటి వచ్చిన వేడి గాలికి అక్కడే బయటికి దారి ఇస్తే, ముందు నుంచి కొత్త గాలి సులభంగా లోపలికి వస్తుంది. సందుకు ముందు అంచు కొంచెం ఎత్తుగా, వెనక అంచు దిగువగా ఉండాలి, అప్పుడే పైన పోయే గాలి లోపలి గాలిని లాగుతుంది. మన పాత ఇళ్ళ కిటికీలకు వాలు పలకలు ఉండేవి చూడండి, ఆ మాదిరి. వాన సంగతి మరిచిపోతే కొంప మునుగుతుంది. సందు కింద నేరుగా ఏముందో చూడాలి. బ్యాటరీ, ఫ్యూజ్ పెట్టె, ఇగ్నిషన్ కాయిల్ ఉంటే అక్కడ కోయరాదు, లేకపోతే కింద ఒక పళ్ళెం పెట్టి నీళ్ళు పక్కకు పోయేట్టు చిన్న గొట్టం పెట్టాలి. మేము పళ్ళెమే పెట్టినాం.

కొక్కి విషయం అన్నిటికంటే ముందు సరి చేసినాడు. ఫైబర్‌కు రెండు పక్కలా స్టీలు పట్టీలు, మధ్యలో బోల్టు పోయే చోట చిన్న ఇనుప గొట్టం, బిగించినప్పుడు ఫైబర్ నలగకుండా. అల్యూమినియం పట్టీ పెట్టండి, తేలిక కదా అన్నాడు మావాడు. ఓనరు తల అడ్డంగా ఆడించినాడు. కార్బన్‌కూ అల్యూమినియానికీ పడదంట. తడి తగిలితే రెండూ కలిసి బ్యాటరీ మాదిరి పనిచేసి అల్యూమినియాన్ని తినేస్తాయి. మధ్యలో గాజు ఫైబర్ పొర అడ్డం వేస్తే తప్ప. రెండో కొక్కిని సరిగ్గా అందేట్టు జరిపినాడు. ఇవి కాక రెండు పక్కలా రేసు కార్లకు పెట్టే పిన్నులు. కోసిన ప్రతి అంచుకూ మళ్ళీ ఎపాక్సీ పూయాలి, లేకపోతే తడి పొరల మధ్యకు దూరి ఉల్లిపొరల మాదిరి విడిపోతాయి. పైన ఎండ తట్టుకునే లక్క కోటింగ్ పడాలి, లేకపోతే మన ఎండకు రెండేళ్ళలో బంక పసుపు తిరుగుతుంది.

ఇంత కథ ఎందుకు చెప్పినానంటే, ఆ ఫోటో కింద "పనికిమాలిన పని" అని రాసినవాళ్ళకు. ఆ మూడు వారాల్లో వాడు నేర్చుకున్నది వాడి కాలేజీ నాలుగేళ్ళలో నేర్చుకోలేదని వాడే అన్నాడు. మన ఊరు ఏ పనితో పైకి వచ్చిందో మరిచిపోయినామా? కలంగల్‌లో 1893లో పుట్టిన జి.డి. నాయుడు గారు ఒక తెల్లదొర దగ్గర రడ్జ్ మోటార్ సైకిల్ కొని, మొదట చేసింది దాన్ని పూర్తిగా విప్పి మళ్ళీ బిగించడం. ఇంట్లో మాట్లాడింది మన తెలుగే. ఆ కాలంలో ఫోన్ గుంపులు ఉండి ఉంటే ఆయన నాయన్ను కూడా ఎవరో ఒకరు అడిగి ఉండేవాళ్ళు. ఫార్ములా మారుతి కార్లు తయారుచేసిన కరివర్ధన్ గారు ఈ ఊరివాడే. 1995లో విమాన ప్రమాదంలో పోయినారు. ఆయన పేరు మీదనే చెట్టిపాళయంలో 2003 నుంచి రేసు ట్రాక్ నడుస్తున్నది. చేతికి నూనె మరకలు పట్టే పిల్లవాడు మనకు పరువు తక్కువా?

అయినా రోడ్డు మీదికి వద్దు అంటున్నాను. ఎందుకంటే రైల్వేలో నేను చూసినది ఒకటి ఉంది. పెట్టెలో ఒక చిల్లు పొడవాలన్నా డ్రాయింగ్ నంబరు కావాలి, లక్నోలోని ఆర్.డి.ఎస్.ఓ. ఒప్పుకోవాలి. మేము గుమాస్తాలు దాన్ని చూసి నవ్వేవాళ్ళం, ఒక చిల్లుకు ఇన్ని కాగితాలా అని. ఇప్పుడు నవ్వు రావడం లేదు. కారు కంపెనీ వేసిన ఇనుప బానెట్ కింద ఒక చట్రం ఉంటుంది, గుద్దుకుంటే మధ్యలో మడవాలని ముందే లెక్క వేసి పెట్టినది. లేకపోతే బానెట్ మడవకుండా నేరుగా వెనక్కి వచ్చి అద్దంలోకి దూరుతుంది. దారిన పోయే మనిషి తల దాని మీద పడినా, అది కొంచెం లోపలికి అణగాలి, కింద ఇంజనుకు తగలకుండా ఖాళీ ఉండాలి. దానికని మన దేశంలో ఏఐఎస్-100 అని ఒక ప్రమాణమే ఉంది. మేము గణపతిలో కోసిన బానెట్‌ను ఎవరు పరీక్ష పెట్టినారు? ఎవరూ లేదు. పగిలితే దాని అంచులు కత్తులు. ఆ పిన్నులు పైకి పొడుచుకొని ఉన్నాయి. దారిన పోయే మనిషి మావాడి ప్రయోగానికి ఒప్పుకొని రాలేదు.

చట్టం కూడా చెప్తాను, ఎందుకంటే పిల్లలు "అందరూ చేస్తున్నారు" అంటారు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్.సి.లో ఉన్న వివరాలకు, కంపెనీ మొదట చెప్పినదానికి తేడా వచ్చేట్టు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు అదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి, అనుమతి లేని ప్రతి మార్పుకూ ఐదు వేల జుర్మానా, లేకపోతే ఆరు నెలల దాకా జైలు, లేకపోతే రెండూ అని పెట్టినారు. ఆర్.సి.లో రంగు ఉంది, ఖాళీ బండి బరువు కూడా ఉంది. మూడున్నర కిలోలకు ఎవరైనా పట్టుకుంటారా అంటే నాకు నవ్వే వస్తుంది, కానీ ఇన్సూరెన్స్ వాళ్ళకు మార్పు చెప్పకుండా ఉండి, ప్రమాదం తరువాత వాళ్ళు చేతులు ఎత్తేస్తే ఎవరికీ నవ్వు రాదు.

ఇక ఫోటోలో పడని సంగతి.

కొత్త సందులు కోసే రోజు నేనూ పట్టరకు పోయినాను. ఓనరు చెప్పిన పద్ధతి సరిగ్గానే ఉంది. బానెట్‌ను బండి నుంచి విప్పి దూరంగా పెట్టినారు, ఎందుకంటే కార్బన్ దుమ్ముకు కరెంటు పారుతుంది, వైర్ల కనెక్టర్లలో దూరితే షార్ట్ అవుతుంది. గీత మీద టేపు అంటించి, వజ్రపు పొడి పట్టించిన చక్రంతో కోత. బండి వైర్లను ఇంత జాగ్రత్తగా కాపాడినారు. కోసే పిల్లవాడి ముక్కుకు మాత్రం ఒక చేతిగుడ్డ. అది కూడా సగంలో జారి గడ్డం మీదికి వచ్చింది. ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. చేతులు మోచేతుల దాకా ఎర్రగా గీక్కొని ఉన్నాడు. నల్ల దుమ్ము, తెల్ల దుమ్ము కలిసి కనురెప్పల మీద బూడిద మాదిరి. ఏ ఊరబ్బాయీ అని తమిళంలో అడిగితే అర్థం కాలేదు. హిందీలో అడిగితే "బరంపురం" అన్నాడు. "తెలుగువాడివా?" అన్నాను. వాడి కళ్ళు చూడాలి మీరు! "అవునండి తాతగారూ, ఇక్కడికొచ్చి నాలుగు నెలలైందండి, తెలుగు మాట వినడం ఇదేనండి" అన్నాడు. ఒరిస్సాలో గంజాం జిల్లా తెలుగు, యాస వేరు, నాది వేరు, అయినా ఇద్దరికీ ఒక్కటే. మాస్క్ ఎందుకు పెట్టుకోలేదు అంటే "ఊపిరాడదండి, అలవాటైపోయిందండి" అన్నాడు. మాట్లాడుతూ రెండుసార్లు దగ్గినాడు.

మా నాయన స్పిన్నింగ్ మిల్లులో కార్డింగ్ ఖాతాలో ముప్పై ఏళ్ళు పనిచేసినాడు. సాయంత్రం వస్తే తలంతా దూది, అవ్వ వాకిట్లోనే దులిపేది. ఆదివారం సెలవు రోజు బాగుండేవాడు. సోమవారం పనికి పోయి వస్తే ఎదలో బండ పెట్టినట్టు ఉందనేవాడు. సోమవారం బద్ధకం అని మేమంతా ఎగతాళి చేసేవాళ్ళం. ఆ సోమవారం ఎద పట్టేదే ఆ రోగానికి గుర్తు అని, దానికి బిసినోసిస్ అని పేరుందని, నష్టపరిహారం చట్టంలో వృత్తి రోగాల పట్టికలో అది ఉందని నాకు తెలిసేటప్పటికి నాయన పోయి పదేళ్ళయింది. ఒక రూపాయి రాలేదు, ఎవరూ అడగలేదు. ఆయన కూడా "అలవాటైపోయింది" అనే అనేవాడు. ఆ మాటే మళ్ళీ గణపతిలో, బరంపురం యాసలో విన్నాను. ఆ రోజు రాత్రి అన్నం సరిగ్గా దిగలేదు.

మరుసటి రోజు ఓనరుతో కూర్చొని మాట్లాడినాను. దోస్తు మాదిరిగానే. మందుల అంగడిలో దొరికే నీలం గుడ్డ మాస్క్ చాలదు, ముఖానికి గట్టిగా అంటుకొని ఉండే ఎన్95 కావాలి. కోసేటప్పుడు నీళ్ళు చిలకరిస్తే దుమ్ము సగం లేవదు. పక్కనే వాక్యూం గొట్టం పట్టుకొని ఒకడు నిలబడితే మిగిలినదీ పోతుంది. నిండు చేతుల చొక్కా, చేతి తొడుగులు ఉంటే ఆ దురద ఉండదు. ఎపాక్సీ బంక కూడా ఒంటికి తగిలి తగిలి ఒకసారి పడకపోవడం మొదలైతే జన్మంతా పడదు. ఇవన్నీ ఆయనకు నాకంటే బాగా తెలుసు. "పిల్లలు వేసుకోరన్నా, నేనేం చేసేది" అన్నాడు. "నీ కొడుకు కోస్తుంటే ఇట్లాగే వదిలేస్తావా?" అని అడిగినాను. కొంచెం సేపు పలకలేదు. తరువాత పెట్టె మాస్కులు తెప్పించినాడు, అది నిజం. మావాడు తన దుడ్డుతో వాక్యూం యంత్రం ఒకటి కొనిచ్చినాడు. ఆ నల్ల బానెట్‌కు పెట్టిన ఖర్చులో నాకు నచ్చిన ఖర్చు అది ఒక్కటే.

ఇక్కడ మన సంఘానికి నా విన్నపం. మనలో పట్టరలు, ఫౌండ్రీలు, ఫైబర్ పని, పాలిష్ పని నడిపేవాళ్ళు ఎంతమంది ఉన్నారో నాకంటే మీకు బాగా తెలుసు. ఉగాది మీటింగులో స్టేజీకి, సాలువలకు, ఫ్లెక్సులకు ఎంత ఖర్చవుతుందో లెక్కలు రాసేవాణ్ణి నేనే. ఈ ఏడు సాలువలు మానేసి, ఆ దుడ్డుతో మన సభ్యుల పట్టరలకు మాస్కులు కొనిద్దాం, ఊపిరితిత్తుల పరీక్ష చేసే డాక్టరును ఒక ఆదివారం పిలిపిద్దాం. పనివాళ్ళు మనవాళ్ళయినా, బీహారువాళ్ళయినా, ఒరిస్సావాళ్ళయినా సరే. తెలుగు క్లాసు జరిగే గదిలోనే పెట్టవచ్చు, అద్దె కూడా ఉండదు. దీన్ని అజెండాలో చేర్చమని కార్యదర్శి గారికి చీటీ రాసి ఇచ్చినాను. తీర్మానం పెడితే బలపరిచేదానికి ఒక్కరు కావాలి. ఫోటో కింద అంత పొడుగ్గా రాసిన పెద్దలు ఒక్కరైనా చెయ్యి ఎత్తుతారని నమ్ముతున్నాను.

మావాడి సంగతి చెప్పి ముగిస్తాను. రెండు వారాల వాదన తరువాత ఒప్పుకున్నాడు. రోడ్డుకు ఇనుప బానెట్, చెట్టిపాళయం ట్రాక్‌కు పోయే రోజు మాత్రం కార్బన్‌ది. పక్కకు రెండు లెక్కన నాలుగు బోల్టులు, ఇద్దరు మనుషులు, అరగంట పని. కొత్త సందుల దగ్గర మళ్ళీ దారాలు అంటించి చూసినాం, ఈసారి అన్నీ పైకే లేచినాయి. ఇనుపది బండికి బిగించి, కార్బన్‌ది వాళ్ళ ఇంట్లో చోటు లేక మా మిద్దె మీద పెట్టినాడు. పోయిన శనివారం ట్రాక్‌కు పోవాలని పొద్దున్నే వచ్చి మిద్దె ఎక్కినాడు. దాని మీద తెల్లగుడ్డ పరిచి మా ఇంటామె బియ్యపు వడియాలు పెట్టి ఉంది. నల్లది కదా, ఎండ బాగా పట్టి తొందరగా ఆరుతాయంట. "అత్తా, నాకు ఇప్పుడు కావాలే" అన్నాడు. "ఇంకా పచ్చిగా ఉన్నాయి, సోమవారం రారా" అనింది.